నిజం నిలకడ మీద తెలిసేలోగా

ఇంటర్నెట్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న కథ ఒకటి మీరూ చూసే ఉంటారు. మశూచికి టీకా కనిపెట్టింది ఎడ్వర్డ్ జెన్నర్ కాదట, మన ధన్వంతరి అట. ఆవు పొదుగు మీద లేచిన పొక్కుల రసం తీసి మనిషి చేతికి ఎక్కించమని మన ప్రాచీన గ్రంథంలో రాసి ఉందట. తెల్లవాడు దాన్ని కాజేసి తన పేరు పెట్టుకున్నాడట. చదివినవాళ్ళు గర్వంతో ఇంకో నలుగురికి పంపుతారు.

ఈ కథ ఎక్కడ పుట్టిందో తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. దీనికి నీళ్ళు పోసి పెంచినవాళ్ళలో మన ఛాందసులకంటే ముందు వరసలో ఉన్నది ఈస్టిండియా కంపెనీ దొరలు. అదీ టీకాను వ్యతిరేకించడానికి కాదు, ప్రచారం చెయ్యడానికి!

జెన్నర్ గోమశూచి టీకా మన దేశానికి 1802లో చేరింది. ఆ ఏడాది జూన్ 14న బొంబాయిలో మూడేళ్ళ పాపకు మొదటి టీకా వేశారు. మన జనానికి మశూచి కొత్త కాదు. అమ్మవారు పోసిందని వేపాకు కట్టి, పోలేరమ్మకు మొక్కుకోవడం వాళ్ళకు తెలిసిన దారి. బెంగాల్ వైపు మశూచి రసాన్నే కొద్దిగా ఎక్కించే పాత పద్ధతి కూడా ఉండేది. దాన్ని హాల్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1767లోనే వర్ణించాడు. అది నిజంగా మనవాళ్ళు చేసిన పని, దాని గురించి గర్వపడితే తప్పులేదు. కానీ ఆవు నుంచి వచ్చిన టీకా వేరు. దాన్ని జనం అనుమానించారు. దొర తెచ్చిన మందు, పైగా ఆవు రసం, ఒకరి చేతి నుంచి తీసి మరొకరి చేతికి ఎక్కిస్తారు. కులం ఏమవుతుందో, ఒంటికి ఏమవుతుందో ఎవరికి తెలుసు?

అప్పుడు కొందరు దొరలకు ఒక ఉపాయం తట్టింది. శాస్త్రం చెబితే వినరు, శాస్త్రాలు చెబితే వింటారు కదా! మద్రాసులో కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పేరు తెలుగువాళ్ళకు వేరే కారణంగా తెలుసు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఆధారాలతో చూపించినవాడు ఆయనే. అంతటి పండితుడు టీకా మీద సంస్కృతంలో ఒక చిన్న కావ్యం రాసి, పాత కాగితం మీద ఎక్కించి, ఎక్కడో దొరికిన ప్రాచీన గ్రంథంగా చలామణీ చెయ్యబోయాడని ఆ కాలపు రచనల్లోనే నమోదై ఉంది. 1819లో మద్రాసు పత్రికలో ధన్వంతరి పేరు మీద టీకా వర్ణన అచ్చయింది. దాన్ని ఆ తర్వాత ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఎత్తి రాసుకుంటూ పోయారు. సంస్కృత పండితుడు డొమినిక్ వుజాస్టిక్ 1987లో ఈ గొలుసు మొత్తాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోయి, అలాంటి ప్రాచీన మూలమేదీ లేదని, ఇది సదుద్దేశంతో చేసిన మోసమని తేల్చాడు.

ఇక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. ఎల్లిస్ ఉద్దేశం చెడ్డది కాదు. పిల్లలు చనిపోతున్నారు, టీకా వేస్తే బతుకుతారు. ఒక చిన్న అబద్ధంతో వెయ్యి ప్రాణాలు నిలబడితే తప్పేమిటి అని ఎవరైనా అడగవచ్చు. ఇవాళ ఆరోగ్య ప్రచారం చేసే చాలామంది మనసులో ఉన్నది ఈ ప్రశ్నే. జనాన్ని భయపెట్టి అయినా, కాస్త పెంచి చెప్పి అయినా, కొన్ని విషయాలు దాచి అయినా మంచి పని చేయిద్దాం అనుకుంటారు. చరిత్ర ఇచ్చిన జవాబు చూడండి. మశూచి 1975లో మన దేశం వదిలిపోయింది. ఆ వ్యాధిని వదిలించింది ధన్వంతరి శ్లోకం కాదు. వ్యాధి బొమ్మ ఉన్న కార్డు చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన కార్యకర్తలు, రోగి జాడ చెప్పినవాళ్ళకు వెయ్యి రూపాయల దాకా పెరిగిన బహుమతి, రోగి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వేసిన టీకాలు. అవి తమ పని ముగించుకుని వెళ్ళిపోయాయి. అబద్ధం మాత్రం రెండువందల ఏళ్ళ తర్వాత కూడా బతికే ఉంది. టీకా ప్రచారానికి పుట్టిన ఆ అబద్ధం ఇప్పుడు ఆధునిక వైద్యాన్ని ఎగతాళి చెయ్యడానికి పనికొస్తోంది.

పుకార్లు వాట్సాప్‌తో పుట్టాయని అనుకునేవాళ్ళు బొంబాయి ప్లేగు చరిత్ర చదవాలి. 1896 సెప్టెంబరులో మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వియెగాస్ ప్లేగును గుర్తించాడు. అక్టోబరు 29న సుమారు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. ఎందుకు? ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళను చంపి, ఒంట్లోంచి మందు తీస్తున్నారని పుకారు. విక్టోరియా రాణి విగ్రహానికి ఎవరో తారు పూశారు కాబట్టి, కోపం వచ్చిన రాణి మనుషుల గుండెకాయలు పంపమని అడిగిందని ఇంకో పుకారు. జనం చేతుల్లో ఫోన్లు లేవు, రేడియో లేదు, చదువుకున్నవాళ్ళే కొద్దిమంది. అయినా పుకారు నగరమంతా పాకింది.

చదువులేని జనం మూఢత్వం అని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ ఆ జనం కళ్ళముందు జరిగిందేమిటి? 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. పుణెలో సోల్జర్లు ఇళ్ళలోకి జొరబడి సామాన్లు బయట పారేశారు, ఆడవాళ్ళను పరీక్షల పేరుతో అవమానించారు. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. శవాలు కూడా సరిగా అప్పగించలేదు. లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. అడిగితే లాఠీ సమాధానం. అలాంటప్పుడు మనిషి తనకు తోచిన సమాధానం అల్లుకుంటాడు. అదే పుకారు. ఆ కోపంలోనే 1897 జూన్ 22న ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ను ఛాపేకర్ సోదరులు కాల్చారు.

అదే పుణెలో, అదే ఏడాది ఇంకో దృశ్యం కూడా ఉంది. సావిత్రిబాయి ఫూలే, ఆమె పెంపుడు కొడుకు డాక్టర్ యశ్వంత్ ఊరి బయట ప్లేగు రోగులకు వైద్యశాల నడిపారు. అంటరానివాళ్ళని అందరూ దూరం పెట్టిన పిల్లల్ని కూడా ఆమె స్వయంగా మోసుకొచ్చింది. చివరికి ఆ వ్యాధే సోకి 1897 మార్చి 10న చనిపోయింది. జనం పారిపోయింది వైద్యం నుంచి కాదని, బలవంతం నుంచి అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ప్రభుత్వానికి కూడా ఈ సంగతి ఒకటి రెండేళ్ళలో తెలిసొచ్చింది. బలవంతాన్ని సడలించి, ఒప్పించే పద్ధతికి దిగింది.

ఇదే కథ పోలియో దగ్గర మళ్ళీ నడిచింది. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వస్తే, అందులో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. పశ్చిమ జిల్లాల్లో ముస్లిం పేటల్లో తలుపులు మూసేసేవాళ్ళు. చుక్కలు వేస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదని పుకారు. టీవీలో అమితాబ్ బచ్చన్ ఎంత గద్దించినా ఆ తలుపులు తెరుచుకోలేదు. వాళ్ళ అనుమానానికి ఒక గతం ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, వాటిలో బలవంతంగా చేసినవి ఎన్నో. అప్పుడు కత్తి పట్టుకుని వచ్చిన సర్కారే ఇప్పుడు చుక్కలు పట్టుకుని వచ్చింది. పైగా ఆసుపత్రి లేదు, మంచినీళ్ళు లేవు, మురుగుకాల్వ లేదు, ఇంటి ముంగిటికి వచ్చేది మాత్రం చుక్కలొక్కటే. ఎందుకింత ప్రేమ అని వాళ్ళు అడిగితే అది అజ్ఞానమా?

దారి మారింది ఎప్పుడంటే, ఆ పేటల్లోని ఆడవాళ్ళే కార్యకర్తలుగా మారి తలుపు తట్టినప్పుడు. మసీదు ఇమాములు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా వంటి సంస్థల పెద్దలు ముందుకొచ్చి మాట్లాడినప్పుడు. చుక్కలతో పాటు చేతులు కడుక్కోవడం, విరేచనాలు, మిగతా టీకాల సంగతి కూడా పట్టించుకున్నప్పుడు. 2009లో 741 కేసులుండగా, 2010లో 42కు దిగాయి. 2011 జనవరి 13న హౌరాలో చివరి కేసు. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం వచ్చింది. మతపెద్దల సాయం తీసుకోవడం హేతువాదులకు మింగుడుపడకపోవచ్చు. కానీ వాళ్ళు అక్కడ చెప్పింది మహిమల గురించి కాదు, ఈ మందు వల్ల సంతానం పోదు అనే ఒక నిజం. ఎల్లిస్‌కూ వీళ్ళకూ తేడా అదే.

సరిహద్దు దాటి చూస్తే ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన కథ కనిపిస్తుంది. 2011లో బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, అబోటాబాద్‌లో ఒక పాకిస్తానీ డాక్టరు చేత హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం నడిపించింది. టీకా పేరుతో ఇంట్లోకి దూరి రక్తం నమూనా సంపాదించాలని పథకం. ఆ ఏడాది జులైలో సంగతి పత్రికలకెక్కింది. టీకాల వాళ్ళు అమెరికా గూఢచారులు అని అక్కడి ఛాందసులు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న ప్రచారానికి అమెరికాయే సాక్ష్యం సమకూర్చి పెట్టింది! 2012 డిసెంబరు నుంచి పోలియో కార్యకర్తల మీద వరసగా కాల్పులు జరిగాయి. వాళ్ళలో ఎక్కువమంది కొద్దిపాటి కూలికి పనిచేసే పేద ఆడవాళ్ళు. ఇకపై టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని అమెరికా ప్రభుత్వం 2014లో ప్రకటించింది. అప్పటికే ఆ ఏడాది పాకిస్తాన్‌లో పోలియో కేసులు 300 దాటే దారిలో ఉన్నాయి.

అలా ఎండిన గడ్డి మీద 2019 ఏప్రిల్ 22న నిప్పు పడింది. పెషావర్ దగ్గర ఒక బడిలో పోలియో చుక్కలు వేసుకున్న పిల్లలు స్పృహ తప్పి పడిపోయారని పుకారు. ఒక వీడియోలో ఒక మనిషి పిల్లలకు సైగ చేస్తాడు, వాళ్ళు మూర్ఛపోయినట్టు మంచం మీద పడుకుంటారు. నాటకమని చూస్తేనే తెలుస్తుంది. కానీ చూసేంత ఓపిక ఎవరికుంది? ఫేస్‌బుక్‌లో, ట్విట్టర్‌లో, వాట్సాప్‌లో గంటల్లో పాకింది. మసీదు మైకుల్లో హెచ్చరికలు వినబడ్డాయి. 25 వేల మందికి పైగా పిల్లల్ని తల్లిదండ్రులు ఆసుపత్రులకు పరుగున తీసుకొచ్చారు. ఒక ఆరోగ్య కేంద్రాన్ని తగలబెట్టారు. ఆ వారంలోనే కార్యక్రమం దేశమంతటా ఆగిపోయింది. 2018లో 12 కేసులున్న దేశంలో 2019లో 147 వచ్చాయి. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అన్నారు. నిజమే, పెషావర్‌లోనూ తెలిసింది. కానీ అంటువ్యాధికి నిలకడ లేదు. నిజం తెలిసేలోగా కాళ్ళు చచ్చుపడిన పిల్లలకు ఆ సామెత ఏం ఊరట?

కాబట్టి సోషల్ మీడియా కొత్తగా తెచ్చింది వేగం, విస్తృతి. అపనమ్మకం అంతకుముందే ఉంది. ఈ తేడా గుర్తుపెట్టుకోకపోతే మనం రోగాన్ని వదిలి లక్షణాలకు మందు వేస్తాం. వాట్సాప్ సంస్థ 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అనేకసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకేసారి ఒక్కరికే పంపగలిగేట్టు బిగించింది. ఇవి మంచివే. వేగం కాస్త తగ్గింది. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

మరి అదే సాధనంతో మంచి జరగదా? జరిగింది. మన పక్కనున్న కేరళనే చూడండి. 2016లో మలప్పురం జిల్లాలో డిఫ్తీరియా, మన పెద్దవాళ్ళు కంఠసర్పి అనే జబ్బు, మళ్ళీ తలెత్తి పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. టీకాలకు వ్యతిరేకంగా జరిగిన ప్రచారం దానికి ఒక కారణం. అదే ఏడాది కొందరు యువ వైద్యులు కలిసి ‘ఇన్ఫో క్లినిక్’ పేరుతో ఫేస్‌బుక్‌లో మలయాళంలో రాయడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో కాదు, వైద్య పరిభాషలో కాదు, ఇంట్లో మాట్లాడే మలయాళంలో. ప్రతి వ్యాసం కింద రాసిన డాక్టర్ల పేర్లు ఉంటాయి. 2018 మేలో కోళికోడ్‌లో నిపా వైరస్ బయటపడి 17 మంది చనిపోయారు. అసలు అలాంటి వైరసే లేదని, గబ్బిలాలు కొరికిన పండ్లు తిన్నా ఏమీ కాదని నాటువైద్యుల వీడియోలు వచ్చాయి. ఒకవైపు ఆరోగ్యమంత్రి శైలజ విలేకరుల ముందుకొచ్చి ఎప్పటికప్పుడు లెక్క చెప్పింది. ఇంకోవైపు ఈ వైద్యులు ఒక్కొక్క పుకారునూ తీసుకుని జవాబు రాశారు. ఆ ఆగస్టులో వరదలు వచ్చాక ఎలుకల జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకోమంటే, వేసుకోవద్దని ఒక ప్రకృతి చికిత్సకుడు వీడియో పెట్టాడు. పోలీసులు అరెస్టు చేశారు. అరెస్టు వల్ల ఆ మనిషి నోరు కొన్నాళ్ళు మూతపడి ఉండవచ్చు. కానీ వరద నీళ్ళలో దిగి పనిచేసే మనిషి మాత్ర మింగాలంటే అది ఎందుకో అతనికి అర్థం కావాలి. ఆ పని చెయ్యగలిగింది వివరించే గొంతే.

2021 మన దగ్గర రెండు ముఖాలనూ ఒకే నెలలో చూపించింది. కోవిడ్ రెండో ఉప్పెనలో ఆక్సిజన్ ఎక్కడుంది, పడక ఎక్కడ దొరుకుతుంది అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు ట్విట్టర్లో ఒకరికొకరు చెప్పుకుని ప్రాణాలు కాపాడారు. ఆక్సిజన్ లేదని రాసినవాళ్ళ మీద కొన్నిచోట్ల కేసులు పెట్టారు. అలా గోడు చెప్పుకున్న పౌరుల్ని వేధిస్తే కోర్టు ధిక్కారంగా చూస్తామని 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 1897 నాటి అలవాటు సర్కార్లకు ఇంకా పోలేదన్నమాట. మరో మూడు వారాలకు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది తోసుకున్నారు. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని ఒక రిటైర్డు హెడ్మాస్టరు చెప్పిన వీడియో లక్షలమంది చూశారు. కొద్దిరోజులకు ఆయన చనిపోయిన వార్త ఎంతమందికి చేరింది? ఆ జనాన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. కానీ ఆసుపత్రిలో పడక లేక, ప్రైవేటులో లక్షలు కట్టలేక, ఊళ్ళో ఉచితంగా ఇస్తున్న మందు కోసం వెళ్ళిన మనిషి దగ్గర మన నవ్వుకు విలువేముంది?

నిజం చెప్పడం అంటే ఎక్కడో ఒక మూల చెప్పి చేతులు దులుపుకోవడం కూడా కాదు. కోవిషీల్డ్ టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని 2021లోనే తెలుసు. మన ఆరోగ్యశాఖ ఆ ఏడాది మే 17న 26 కేసులు గుర్తించామని, పది లక్షల డోసులకు 0.61 చొప్పున అని ప్రకటించింది. ఎంతమందికి చేరింది? 2024లో బ్రిటన్ కోర్టులో కంపెనీ దాఖలు చేసిన పత్రాల వార్త రాగానే, ఇన్నాళ్ళూ దాచిపెట్టారు అని వాట్సాప్ అంతా గగ్గోలు. దాచలేదు. కానీ సామాన్యుడి భాషలో, సామాన్యుడి చెవిన పడేట్టు చెప్పనూ లేదు. టీకా వల్ల కలిగే మేలు ఎన్నో రెట్లు ఎక్కువ అన్నమాట అప్పుడే ఆ అంకెతో కలిపి ఊరూరా చెప్పి ఉంటే, 2024లో అది వార్తే అయ్యేది కాదు. పోలియో చుక్కలకు కూడా లక్షల డోసుల్లో ఒకటిగా పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. మనం చెప్పకపోతే ఆ సంగతిని వేరేవాడు చెబుతాడు. వాడు లెక్క చెప్పడు, భయం మాత్రం చెబుతాడు.

హేతువాదులుగా మనం ఈ రెండువందల ఏళ్ళ నుంచి నేర్చుకోవాల్సింది ఏమిటి? మన వాదన గెలవాలన్న తొందరలో మనకు అనుకూలమైన తప్పుడు లెక్కను కూడా పంచుకోకూడదు. ఎల్లిస్ చేసింది అదే. సంగతి రాసేటప్పుడు ఎవరు చెప్పారో, ఎప్పటి మాటో రాయాలి. పాత సందేశం కొత్తగా తిరిగి ప్రమాదం తెస్తుంది. మనకు ఇంకా తేలని సంగతిని తేలలేదనే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, అడిగిన ప్రశ్నకు వెటకారం చెయ్యకుండా జవాబివ్వడం. టీకా వేయించాలా వద్దా అని అడిగే తల్లి మూర్ఖురాలు కాదు, బిడ్డ గురించి భయపడుతున్న మనిషి. ఆమెకు జవాబు చెప్పేవాళ్ళు లేనిచోట పుకారు వచ్చి కూర్చుంటుంది.

ఉత్తరప్రదేశ్ పేటల్లో ఒకసారి మూసిన తలుపు దగ్గరికి కార్యకర్త మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. తిట్లు తిని కూడా వెళ్ళింది. ఫోను మీద ఒక్క నొక్కుతో వెయ్యిమందికి మన మాట చేరుతుంది గానీ, మళ్ళీ వెళ్ళి తలుపు తట్టే పని మాత్రం ఇంకా మనుషులదే. ఆ పనికి సోషల్ మీడియాను తోడుగా వాడుకుంటే మంచిదే. దానికి బదులుగా వాడుకుంటే, కొత్త జబ్బు వచ్చిన ప్రతిసారీ మనం మళ్ళీ 1896 దగ్గర్నుంచే మొదలుపెట్టాల్సి వస్తుంది.